రిజర్వు ఆటగాడు

మొన్న సాయంత్రం బ్రాడీపేటలో ఆటసామాన్ల కొట్టుకి మా మనవరాలి వెంట వెళ్ళాను. చెమటకి దాని షటిల్ బ్యాటు పిడి జారిపోతోందట. కొట్టతను పాత పట్టీ ఊడదీసి బుట్టలో పడేశాడు. కవరు చింపి కొత్తది బయటికి తీశాడు. నేను చెయ్యి చాపాను.

"ఒకసారి ఇటివ్వు బాబూ."

ఇచ్చాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

"వాసన చూస్తున్నారేంటమ్మా, అదేమన్నా నెయ్యా?" అని నవ్వాడు. మనవరాలు అటూ ఇటూ చూసి, "అమ్మమ్మా, ప్లీజ్!" అని నా మోచెయ్యి లాగింది.

వాసన చూడకుండా ఏదీ కొనే అలవాటు నాకు లేదు. కొట్టువాడు వేసిన కూడిక నేను మళ్ళీ వేసుకుంటాను. ఇంట్లో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో, ఎవరు ఏ రోజున పోయారో నన్నే అడుగుతారు. ఇప్పుడు చెప్పబోయేది జరిగిన సంవత్సరం, నెల, తేదీ కూడా నాకు తెలుసు. అయినా ఇక్కడ వేయను. ఆ మనుషుల పిల్లలూ మనవలూ ఈ చుట్టుపక్కలే ఉన్నారు. అందుకే పేర్లూ రాయను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

మాది సత్తెనపల్లి వైపు నల్లరేగడి ఊరు. నాకప్పుడు పదేళ్ళు. మా లోకమంతా కల్లం చుట్టూ తిరిగేది. కల్లమంటే మిరపకాయలు ఎండబెట్టే చోటు. ఏటా కాయ కోతకు రాకముందే నేల చదును చేసి, నీళ్ళు చల్లి తొక్కించి, పేడతో అలికేవారు. ఆరాక అరచేత్తో రాస్తే గీరుకోనంత నున్నగా ఉండేది. కాయ వచ్చిన తర్వాత ఆ నేల కనిపించేది కాదు. ఎటు చూసినా ఎరుపే. మధ్యాహ్నం ఎండకు ఆ ఎరుపులోంచి ఒక ఘాటు లేచి ముక్కుపుటాల్లో కూర్చునేది. కొత్తవాళ్ళు వస్తే తుమ్ములే తుమ్ములు. మాకు తుమ్ము వచ్చేది కాదు. ఆ గాలి మాకు మామూలు గాలి.

కల్లం ఖాళీగా ఉన్న నెలా నెలన్నర మాత్రం అది ఆటస్థలం. రెండు వెదురు గడలు పాతి, వలకట్టి, బాల్ బ్యాడ్మింటన్ ఆడేవారు. పసుపుపచ్చ ఉన్ని బంతి, తీగలు బిగించిన పొడుగాటి బ్యాట్లు, వలకు ఇటు ఐదుగురు, అటు ఐదుగురు. మా ఊళ్ళో ఉన్ని అనేది ఆ బంతిలో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు. మా ఎండలకు ఉన్నితో ఎవరికేం పని? ఒకసారి ఆ బంతిని దొంగిలించి దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే నిద్రకళ్ళు నులుముకున్నాను. ఇక చూడాలి కారం మంట. మా నాయనమ్మ మజ్జిగతో నా మొహం కడుగుతూ, "కల్లంలో దొర్లిన బంతిని పక్కలో పెట్టుకుంటావటే, దొంగపిల్లా" అని వీపు మీద ఒకటేసింది. మజ్జిగ చల్లగా ఉంది, దెబ్బ వెచ్చగా ఉంది.

మా తాతయ్య ఎవరినీ నమ్మేవాడు కాదు. మిరపకాయల బేరం అలాంటిది. కొనేవాడు వచ్చి కుప్పలోకి మోచెయ్యిదాకా చెయ్యి దూర్చి అడుగునుంచి కాయ లాగుతాడు, పైన ఎండువి పోసి కింద మెత్తవి దాచారేమోనని. కాయ విరుస్తాడు, చెవి దగ్గర ఆడిస్తాడు, గింజ గలగలమనకపోతే నీళ్ళు చల్లారంటాడు. అమ్మేవాడు అంతసేపూ కొనేవాడి చేతుల్నే చూస్తుంటాడు, ఏ కాయ జేబులో వేసుకుంటాడోనని. తాతయ్య అలా చూసీ చూసీ మనుషులందరినీ అలాగే చూడ్డం మొదలుపెట్టాడు. ఎవరైనా ఒట్టు వేస్తే ఆ మాట ఇంకాస్త అనుమానించేవాడు. ఆయన ఒళ్ళో పెరిగినదాన్ని కనక నాకూ అదే బుద్ధి అబ్బింది.

కల్లంలో కాయల తొడిమలు తీసే ఆడవాళ్ళకు ఒక పెద్ద ఉండేది. అందరూ మేస్త్రమ్మ అనేవారు. మగదిక్కు లేదు, ఒక్కడే కొడుకు. వాళ్ళు యేసును నమ్ముకున్నవాళ్ళు. వారమంతా కల్లంలో కట్టే చీర ఒకటి, వెలిసిపోయిన ఆకుపచ్చది. ఆదివారం గుడికి కట్టుకునేది ఒకటి, తెల్లటి దానికి సన్నటి నీలం అంచు. ఆ తెల్లచీరను కల్లం దరిదాపుల్లోకి రానిచ్చేది కాదు. గుడినుంచి వస్తూ మా ఇంటికి ఏ పనిమీదైనా రావలసి వచ్చినా, కల్లం దారి వదిలి చుట్టూ తిరిగి వచ్చేది.

ఆ కొడుకే ఈ కథలో ఆటగాడు. మిషన్ బడిలో చదువుకుంటుండగా అక్కడి మాష్టారు ఒక పాత బ్యాటు ఇచ్చారట. చదువయ్యాక ఊరికి వచ్చి మా కల్లంలో బస్తాలు మోసేవాడు. అప్పట్లో నేను ఆయన్ని 'నువ్వు' అనేదాన్ని, నాకంటే పదేళ్ళు పెద్దయినా. రాయబోతే 'ఆయన' అనే వస్తోంది, అలాగే రాస్తాను. ఆయనది ఎడమచేతి వాటం. ఎడమచేత్తో సర్వీసు చేస్తే బంతి వల దాటేదాకా మామూలుగా వచ్చి, దాటగానే అలసిపోయినట్టు కిందికి దిగిపోయేది. అవతలివాళ్ళు గాలిని కొట్టేవారు. మా పిల్లలకి అది చూడటమే పండగ.

ఒకరోజు కబురొచ్చింది, దేశంలోని జట్లన్నీ కలిసే పెద్ద పోటీలకు మన రాష్ట్రం జట్టులో ఆయన్ని తీసుకున్నారని. రిజర్వు ఆటగాడిగా.

ఆ మాటతోనే చిక్కొచ్చింది. రిజర్వు అంటే మా ఊళ్ళో ఎవరికీ సరిగ్గా తెలియదు. రచ్చబండ దగ్గర పెద్ద చర్చ.

"రిజర్వు పోలీసు లాంటిది అయ్యుంటుంది. గొడవలైతే పంపుతారు."

"గొడవేంట్రా, ఆటలో!"

"రైల్లో బెర్తు రిజర్వు చేస్తారుగా, అదీ. కూర్చోబెట్టి తీసుకెళ్ళి, కూర్చోబెట్టి తీసుకొస్తారు."

ఆ చివరి మాట అందరికీ నచ్చింది. ఆ రోజునుంచీ ఆయన పేరు పోయి రిజర్వు అయింది.

బయల్దేరిన రోజు నాకు బాగా గుర్తు. బస్సు మా కల్లం పక్క రోడ్డు మీద ఆగేది. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోనెసంచిలో బ్యాటు పెట్టుకుని నిలబడ్డాడు. మేస్త్రమ్మ తొడిమలు తీస్తున్నది తీస్తున్నట్టే లేచి వచ్చింది. ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఆమె కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. ఆమేన్ అనగానే బ్యాటు చేతిలోకి తీసుకుని చూసింది. పిడికి చుట్టిన పాత గుడ్డ వదులైపోయి వేలాడుతోంది.

"ఇదేంది నాయనా, ఇట్టా జారిపోతంటే ఏం ఆడతావ్?"

"అక్కడికెళ్ళాక చుట్టుకుంటాలే అమ్మా."

"అక్కడెవురుంటారు నీకు!"

అంటూనే కట్టుకున్న ఆకుపచ్చ చీర చెంగుని పళ్ళతో పట్టుకుని బారెడు చింపింది. బస్సు హారను కొడుతోంది. పాతగుడ్డ పీకేసి, కొత్త పీలికను పిడికి బిర్రుగా చుట్టి, ముడివేసి, ముడిని కూడా పంటితో బిగించింది. అందరూ చూశారు. ఎవరూ ఏమీ అనుకోలేదు. అనుకోవడానికి ఏముంది?

మన రాష్ట్రం జట్టు సెమీఫైనల్లో ఓడిపోయింది. పేపర్లో చిన్నగా వేశారు. ఐదుగురి పేర్లున్నాయి. ఆయన పేరు లేదు.

ఆయన తిరిగొచ్చిన రోజు బస్సు దిగగానే మేస్త్రమ్మ అడిగిన మొదటి మాట, "ఆడావా నాయనా?"

"ఆడానమ్మా."

అంతే. ఆ మాట పట్టుకుని ఆమె ఆ ఏడాదంతా కల్లంలో తొడిమ తొడిమకీ చెప్పుకుంది. "మావోడు ఆడాడు. దేశమంతా చూస్తండగా ఆడాడు." ఆడవాళ్ళు ముందు "అవునా" అన్నారు. తర్వాత "ఆహా" అన్నారు. ఆ తర్వాత మొహాలు చూసుకున్నారు.

"మరి పేపర్లో వెయ్యలేదేం మేస్త్రమ్మా?"

"ఐదుగురివే వేస్తారంట."

"ఆడింది ఐదుగురేగా మరి!"

మధ్యాహ్నం అన్నాల వేళ ఈ వేళాకోళం తప్పనిసరి. మేస్త్రమ్మ టిఫిన్ గిన్నెలోంచి ఎండుచేపల పులుసు వాసన వస్తుండేది. మా ఇంటినుంచి పండుమిరప పచ్చడి వెళ్ళేది. దాన్ని నాలుకకు రాసుకుని 'ఇది కారమా, తియ్యటి లేహ్యమా' అనుకునే మనుషులు వాళ్ళు. నేను అక్కడే తిరుగుతూ అందరి మాటలూ వినేదాన్ని.

నేనూ నమ్మలేదు. కాకపోతే వేళాకోళం చేయలేదు, విచారించాను. బస్తాలు కుట్టేవేళ ఆయన దగ్గర చేరి ప్రశ్నలు వేసేదాన్ని.

"నిజంగా ఆడావా?"

"ఆడాను పాపగారూ."

"ఏం జరిగిందో చెప్పు."

చెప్పేవాడు. జట్టు బస, అక్కడి గోధుమ ఉప్మా, సుద్దతో గీసిన కోర్టు, మనవాడొకడికి మడమ బెణకడం, కెప్టెన్ వెనక్కి తిరిగి "నువ్వు రా" అనడం. ఎన్నిసార్లు అడిగినా ఒక్క మాట తేడా లేకుండా చెప్పేవాడు. అబద్ధమైతే ఎక్కడో అతుకు కనిపిస్తుంది. కనిపించేది కాదు.

"లోపలికెళ్ళాను. సర్వీసు నాకే వచ్చింది. బంతి చేతిలోకి తీసుకున్నాను."

"ఊఁ?"

"అంతే. ఆట అయిపోయింది."

"బంతి తీసుకోగానే ఎలా అయిపోతుంది?"

"అయిపోయింది పాపగారూ. ఓడిపోయాం." సూది తీసుకుని వేరే బస్తా దగ్గరికి వెళ్ళిపోయేవాడు.

ఉప్మాలో ఆవాలు ఎక్కువైన సంగతి గుర్తున్నవాడికి, తను వేసిన సర్వీసు గుర్తులేదా? ఎప్పుడడిగినా కథ ఆ బంతి దగ్గరే తెగిపోయేది. తాతయ్యతో చెప్పాను. ఆయన చుట్ట కొరికి, "అడుగు కాయ మెత్తగా ఉందన్నమాట" అన్నాడు.

మరుసటి ఏడు మా హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు పని ఖాళీ అయింది. ఊరి కమిటీ ఒకరిని పెట్టుకోవచ్చు. రాష్ట్రం తరఫున ఆడినవాడు ఊళ్ళోనే ఉండగా వేరేవాళ్ళెందుకని హెడ్మాస్టారు గారు అన్నారు. ఆడాడో లేదో తేలాలిగా అని మిగతావాళ్ళు అన్నారు. కమిటీకి పెద్ద మా తాతయ్య. రుజువు లేకుండా తాతయ్య పెదవి విప్పడు. ఆ పని వస్తే మేస్త్రమ్మ కొడుకు వీపుమీదినుంచి బస్తా దిగుతుంది, మేస్త్రమ్మ మాట నిలబడుతుంది. రాకపోతే జీవితమంతా రిజర్వే.

రుజువు దానంతటది నడిచి వచ్చింది, ఒక మధ్యాహ్నం, గొడుగు వేసుకుని.

మద్రాసు కంపెనీ తరఫున కాయ కొనడానికి వచ్చిన మనిషి అతను. గుంటూరు కమిషన్ కొట్టు గుమాస్తా వెంటబెట్టుకొచ్చాడు. తెలుగు వచ్చు గానీ అరవయాసతో సాగదీసి మాట్లాడేవాడు. నులకమంచం వేశారు. మజ్జిగ ఇచ్చారు. కుప్పలోకి చెయ్యి పెట్టి కాయ తీసి విరిచాడు, నలిపాడు, వాసన చూశాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే నవ్వాడు.

"ఈ ఘాటుతో నాకు పాత పరిచయం అండీ."

"ఇంతకుముందు మావైపు కొన్నారా?" అన్నాడు తాతయ్య, ధర విషయం వస్తుందేమోనని జాగ్రత్తపడి.

"కొనలేదండీ. ఆడాను."

తాతయ్యకి అర్థం కాలేదు. అతను మంచం మీద సర్దుకుని చెప్పాడు. అతను కూడా బాల్ బ్యాడ్మింటన్ ఆటగాడట. కిందటేడు మన రాష్ట్రం ఓడిపోయింది అతని జట్టు చేతిలోనే.

"మీ వాళ్ళలో ఒకడికి కాలు బెణికిందండీ. రిజర్వు కుర్రాడిని దించారు. ఎడమచెయ్యి. అబ్బా, ఏం సర్వీసు! బంతి వల దాటి కూర్చుండిపోతుంది. మేం ఐదుగురం కోర్టులో కోతుల్లా గెంతాం. వరసగా పాయింట్లు పోతున్నాయి. ఇక మా పని అయిపోయింది అనుకున్నాం. అప్పుడు మావాడు ఒకడు బంతి తీసి మీవాళ్ళకి విసిరి, నుదురు తుడుచుకున్నాడు. కళ్ళు పట్టుకుని కూలబడ్డాడు. నీళ్ళు తెచ్చేలోగా ఇంకొకడు. నేను బంతి వాసన చూశానండీ. మిరపకాయ!"

కల్లంలో తొడిమలు తీసే చప్పుడు ఆగిపోయింది. నేను తాతయ్య మంచంకోడు పట్టుకుని నిలబడ్డాను.

"అంపైరు ఆట ఆపాడు. ఆ కుర్రాడి చేతులు వాసన చూసి తనే తుమ్మాడు. చేతికి కారం పూసుకొచ్చాడని బయటికి పంపేశారు. ఆ తర్వాత ఏ పోటీల్లోనూ అతన్ని చూడలేదు. మోసగాడండీ." కళ్ళు తుడుచుకుని, "కానీ సర్వీసు మాత్రం మోసం కాదు" అన్నాడు.

తాతయ్య తల తిప్పాడు. బండి దగ్గర మేస్త్రమ్మ కొడుకు వీపుమీద బస్తాతో వంగి నిలబడి ఉన్నాడు. దించనూ లేదు, ఎత్తనూ లేదు.

"ఏరా, ఇట్రా. ఈయన చెప్పేది ఎవరి గురించి?"

మద్రాసు మనిషి గొడుగు పక్కన పెట్టి లేచాడు. ఆయన వైపు పరీక్షగా చూశాడు. "ఇతనే అనుకుంటానండీ" అన్నాడు మెల్లగా.

ఆయన బస్తా దించాడు. తాతయ్యని చూడలేదు, మద్రాసు మనిషిని చూడలేదు. తల్లి ఉన్నవైపు ఒకసారి చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"నేను కాదండీ. నేనసలు ఆడలేదు. బెంచీ మీదే కూర్చున్నాను."

ఒక్కసారిగా ఆడవాళ్ళలో గోల లేచింది.

"అద్గదీ! ఇన్నాళ్ళకి నోట్లోంచి ఊడిపడింది!"

"ఏం మేస్త్రమ్మా, దేశమంతా చూసిందన్నావే?"

"చూసిందిగా, బెంచీని!"

నేను మేస్త్రమ్మనే చూస్తున్నాను. రెండు అరచేతులూ పైకెత్తి మొహానికి దగ్గరగా తెచ్చుకుని వాసన చూసుకుంది. తర్వాత లేచి, తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కుంది. పని మధ్యలో ఆమె చేతులు కడగడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చి కూర్చుని మళ్ళీ తొడిమలు తీసింది.

మద్రాసు మనిషి వెళ్ళాక తాతయ్య ఆయన్ని బ్యాటు పట్టుకుని పత్తి నిలవచేసే కొట్టుగదిలోకి రమ్మన్నాడు. నేను అప్పటికే అక్కడ పత్తి బస్తాల వెనక ఉన్నాను. తాతయ్య చూశాడు గానీ పొమ్మనలేదు. బ్యాటు తీసుకుని పిడి ముక్కుకి ఆనించుకున్నాడు. మా తాతయ్య తుమ్మడం నేను పుట్టాక అదే మొదటిసారి. ఎన్నాళ్ళో పిడికిట్లో నలిగిన చెమటలో ఊరిన కారం అది.

"ఇది మీ అమ్మ చీర కదూ?"

"అవునండీ."

"కల్లంలో కట్టుకునే చీర."

"అవునండీ. మాకు తెలియదండీ, మాకు మండదుగా. నాకక్కడే తెలిసింది."

"అక్కడే చెప్పకపోయావా, ఇదీ సంగతని?"

"చెప్పానండీ. నవ్వారు. చీరలోంచి కారం వస్తుందా అన్నారు."

"మరి ఇందాకేం? ఆ మనిషి నిన్ను గుర్తుపట్టాడు. ఆడావనడానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలిరా? కారం సంగతి నేను సర్దిచెప్పేవాణ్ణి."

"అమ్మ అక్కడే ఉందండీ" అన్నాడు ఆయన. "నేను ఆడలేదంటే నాలుగురోజులు నవ్వుతారు. తన చెంగువల్ల పోయిందని తెలిస్తే ఆవిడ అన్నం తినదండీ."

తాతయ్య పీలిక అంచుని గోటితో గీరాడు. "ఇన్నాళ్ళూ దీన్ని మార్చలేదేం?"

"మారిస్తే ఎందుకు మార్చావని అడుగుతుందండీ."

ఆయన కథ బంతి దగ్గర ఎందుకు తెగిపోయేదో నాకప్పుడు తెలిసింది. తాతయ్య బ్యాటు ఆయన చేతికి తిరిగి ఇచ్చాడు. "పో" అన్నాడంతే.

కమిటీ మా అరుగు మీదే కూర్చుంది. నాయనమ్మ కాఫీ పంపింది, నేను గ్లాసులు అందించాను. తాతయ్య మొదటి మాటే, "వాడు ఆడాడు. డ్రిల్లు మాష్టారు పని వాడికి ఇస్తున్నాం" అన్నాడు.

అందరూ నోళ్ళు తెరిచారు. ఒకాయన అన్నాడు, "అదేంటండీ, కల్లంలో అందరిముందూ ఆడలేదని వాడే అన్నాడుగా!"

"ఆడానని ఏడాదిపాటు మొత్తుకున్నాడు. నమ్మారా?"

"లేదు."

"మరి ఆడలేదని ఒక్కసారి అంటే ఎందుకు నమ్ముతారయ్యా?"

హెడ్మాస్టారు గారు కాఫీ గ్లాసు చాటున నవ్వారు. మిగతావాళ్ళకి ఎక్కడో లెక్క తప్పిందని తెలుస్తోంది గానీ ఎక్కడో దొరకలేదు. తాతయ్య రుజువు అడిగేవాడే తప్ప, ఎవరైనా తనని రుజువు అడగడం ఊళ్ళో ఎప్పుడూ లేదు.

ఆడవాళ్ళు మాత్రం మానలేదు. పెద్దయ్యగారిని ఏదో మాయచేశాడని అన్నారు. చివరిదాకా కొందరికి ఆ అనుమానం ఉంది. నిజం తెలిసింది తాతయ్యకి, ఆయనకి, నాకు. ఇంకెవరికీ తెలియదనే అనుకున్నాను.

ఆయన బళ్ళో చేరిన రోజు సోమవారం. మా క్లాసుకి మధ్యాహ్నం డ్రిల్లు. తెల్లచొక్కా, ఈల, చంకలో బ్యాటు. మమ్మల్ని వరసలో నిలబెట్టి, సర్వీసు ఎలా చేయాలో చూపించడానికి బ్యాటు ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. పిడి చూశాను. ఆకుపచ్చ పీలిక లేదు. తెల్లటి గుడ్డ, మెలికలు మెలికలుగా చుట్టినచోటల్లా సన్నటి నీలం అంచు. ముడి మీద పంటిగాట్లు.

బంతి గాల్లోకి లేచింది, వల దాటింది, కూర్చుంది. పిల్లలు కేకలు పెట్టారు. నేను పెట్టలేదు.

డ్రిల్లయ్యాక దగ్గరికి వెళ్ళాను. మాష్టారయ్యాడు కనక ఏమని పిలవాలో తెలియలేదు. "పిడికి మీరు కొత్తగుడ్డ చుట్టారేం?" అన్నాను. మొదటిసారి 'మీరు' అనే మాట నా నోట వచ్చింది.

"పొద్దున లేచేసరికి చుట్టి ఉంది" అన్నాడు.

"మీ అమ్మకి తెలిసిపోయిందా?"

"ఏమో. ఆవిడ చెప్పలేదు. నేను అడగలేదు."

తర్వాతి ఆదివారం కావాలని గుడిదారిలో కాపు కాశాను. మేస్త్రమ్మ అదే తెల్లచీర కట్టుకుని వచ్చింది. చెంగు కురచైపోయింది. చిరిగిన అంచు కనపడకుండా లోపలికి మడిచి, ఒక చేత్తో పట్టుకుని నడుస్తోంది. నన్ను చూసి, "ఏం పాపగారూ, ఇక్కడ నిలబడ్డారు?" అంది.

"ఊరికే."

"ఎండలో నిలబడకండి" అని వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళు అలా ఒక చేత్తో పట్టుకునే వెళ్ళింది. కొడుకు జీతం మీద కొత్తచీరలు కొన్నాడు. గుడికి మాత్రం అదే.

ఆయన ఎంతోమంది పిల్లలకి ఆట నేర్పాడు. మళ్ళీ రాష్ట్రం జట్టుకి మాత్రం ఎవరూ పిలవలేదు. ఆయన పెద్దాట అంతా ఆ కాసేపే. ఆ జట్లలో ఎవరైనా బతికి ఉంటే, ఇప్పటికీ ఆంధ్రా కుర్రాడొకడు కారం పూసుకొచ్చాడని మనవలకి చెబుతుండవచ్చు. వాళ్ళ అనుమానం తప్పని చెప్పేవాళ్ళు ఇక నేను తప్ప లేరు. అందుకే రాశాను.

మా కల్లాలున్న చోట ఇప్పుడు కోల్డ్ స్టోరేజీ లేచింది. కాయ టార్పాలిన్ పట్టాల మీదే ఎండి, నేరుగా లోపలికి పోతుంది. వెదురు గడలు పాతడానికి అలికిన నేల లేదు. ఆ ఆటే ఈ పిల్లలకి తెలియదు.

కొట్లో నేను పట్టీని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాను. రబ్బరు వాసన. ఇంకోసారి పీల్చాను.

"ఏమొస్తోంది అమ్మమ్మా?" మనవరాలు ఈసారి నవ్వకుండా అడిగింది.

"ఏమీ రావట్లేదు" అన్నాను. కొట్టతనికి పట్టీ తిరిగి ఇచ్చి, బిర్రుగా చుట్టమన్నాను.